ఒంగోల్లో సంఘం పెడుతున్న చిన్నికి

చిరంజీవి చిన్నికి పెద్దమ్మ దీవెనలు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి అరగంట నన్ను దులిపేసింది. "అంతా నీ పోలికే అక్కా, ఇది కూడా నీ మాదిరే వీధులు పట్టుకొని తిరుగుతానంటోంది" అని. ఆ తర్వాత నీ వాయిస్ మెసేజ్ విన్నా. మీ కాలనీలో పదకొండు మంది కలిసి రాజకీయ సంఘం పెట్టారని, పేరేం పెట్టాలన్న దాని మీదే రెండు వారాలుగా తగువు నడుస్తోందని, ఫ్లెక్సీ డిజైను మాత్రం అయిపోయిందని చెప్పావు. పెద్దమ్మా ఏమైనా సలహా చెప్పు అన్నావు. ఫోన్లో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదుల్తావని రాస్తున్నా. ఒళ్ళో ఇంకా కాజాలు వెయ్యాల్సిన జాకెట్లు ఉండాయి, కాబట్టి అక్కడక్కడా తెగినట్టు ఉంటే సర్దుకొని చదువుకో.

ముందు ఆ ఫ్లెక్సీ ఆపు. డబ్బులు ఇచ్చేసుంటే పోనీ, కట్టడం ఆపు. ఫ్లెక్సీ కట్టిన రోజునే ఎవరి ఫొటో పెద్దది, ఎవరిది మూలకు పోయింది అనే లెక్క మొదలవుతుంది. మా సంఘం మొదటిసారి చీలింది సిద్ధాంతం మీద అనుకున్నావా? సంక్రాంతి శుభాకాంక్షల ఫ్లెక్సీలో ఒకాయన తలకాయ సగం కోసుకుపోయింది. అందుకు ఆయన, ఆయన వెంట ఆరుగురు వెళ్ళిపోయారు. పేరు కూడా తర్వాత పెట్టుకోవచ్చు. మాది ఇప్పటికీ "కుట్టుషాపు వాళ్ళ సంఘం". ఆ పేరు మేం పెట్టింది కాదు, వీధి పెట్టింది.

నాకు రాజకీయం అబ్బింది లాంతరు వెలుతుర్లో. 1991లో మన జిల్లాలో పెద్దవాళ్ళకు చదువు నేర్పే అక్షరదీపం మొదలైనప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కలిగిరి పక్క ఒక ఊళ్ళో రాత్రి బడి చెప్పేదాన్ని. ఆడవాళ్ళు పగలంతా నాట్లకో కోతలకో పోయొచ్చి, పిలకాయలకు అన్నాలు పెట్టి, ఎనిమిది గంటలకు పలక పట్టుకొని వచ్చేవాళ్ళు. వాచకంలో సారా మీద పాఠం వచ్చిన రాత్రి ఎవరూ అక్షరాలు దిద్దలేదు. "ఇది మా ఇంటి కతేనమ్మా" అని ఒకామె, "మాది మాత్రం కాదా" అని ఇంకొకామె. ఏ ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు, కూలి డబ్బుల్లో ఎంత పోతోంది అని లెక్క పలక మీద వేయించా. 1992లో దూబగుంట రోశమ్మ వాళ్ళు ఊళ్ళో సారా అంగడి మూయించారని కబురు వచ్చేసరికి మా ఊరి ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకొని తయారుగా ఉన్నారు. జిల్లాలో సారా వేలంపాటలు జరపలేక మళ్ళీ మళ్ళీ వాయిదా వేశారు. 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధమే వచ్చింది.

ఇప్పుడు ఈ కత చెప్పేవాళ్ళంతా ఆడవాళ్ళ ధైర్యం గురించి చెప్తారు. ధైర్యం లేదని నేను అనను. కానీ అంతకు ముందు ఏడాదిన్నరగా వాళ్ళు రోజూ ఒక చోట, ఒక టయానికి కూర్చుంటా ఉన్నారు. ఎవరి మొగుడు ఎట్టాంటోడో, ఎవరి మాట నిలకడో, ఎవరు ముందు నడుస్తారో ఎవరు వెనక నిలబడతారో ఒకరికొకరికి తెలుసు. అది లేకపోతే చీపురు పట్టుకొని వీధిలోకి ఎవరు ముందొస్తారు? 1997లో నిషేధం ఎత్తేసిన రోజున నాకు ఏడుపొచ్చింది. అప్పటికి మా రాత్రి బడి మూతబడి చాన్నాళ్ళయింది. కోపం అందరి ఇళ్ళల్లోనూ ఉంది, ఆ కోపంతో వచ్చి కూర్చునే చోటు లేదు.

కాబట్టి నీ సంఘానికి మొదట కావాల్సింది చోటు, టయం. చోటు ఎవరి ఇంటి మేడా కాకూడదు. మేడ ఎవరిదైతే సంఘం వాళ్ళదే అయిపోతుంది. పార్టీ ఆఫీసు అసలు వద్దు. గుడి అరుగు బాగానే ఉంటుంది గానీ, మసీదు వీధి వాళ్ళూ చర్చి వెనకాల వాళ్ళూ మొహమాటపడి రారు, రాకపోయినా మీకు తెలియదు. రాత్రి ఎనిమిదిన్నరకు మీటింగు అయిపోయాక ఒంటరి ఆడమనిషి భయం లేకుండా ఇంటికి నడిచిపోగల చోటు చూడు. మేం నా షాపు ముందు రేకుల పంచలో కూర్చుంటాం, మంగళవారం ఏడింటికి. మంగళవారమే ఎందుకంటే సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు, అక్కడికి పోయొచ్చినవాళ్ళ కబుర్లు ఇంకా వేడిగా ఉంటాయి. ముగ్గురే వచ్చినా మీటింగు జరగాలి. వానకు ఒక్క నేనే కూర్చొని తీర్మానాల పుస్తకంలో "ఈ వారం వాన" అని రాసి సంతకం పెట్టిన మంగళవారాలు కూడా ఉండాయి.

అందరూ చాప మీదే. ఇది చిన్న విషయం అనుకోవద్దు. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే అవి ఎవరికి దక్కుతాయో నీకు తెలుసు, మన జిల్లాల్లో ఎవరూ చెప్పాల్సిన పని లేదు. మోకాళ్ళ నొప్పులున్న ముసలివాళ్ళకు కుర్చీ వెయ్యి, ఏ కులమైనా సరే. మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్ళోకి హరిజనుల్ని రానివ్వాలని పొట్టి శ్రీరాములు గారు 1946లో నిరాహార దీక్ష చేశారు. అట్టలు మెళ్ళో తగిలించుకొని, ఎండలో చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా నెల్లూరు వీధుల్లో తిరుగుతుంటే పిచ్చోడన్నవాళ్ళే ఎక్కువ. ఇప్పుడు జిల్లాకే ఆయన పేరు. ఆ పేరున్న జిల్లాలో ఇంకా టీ గ్లాసు ఎవరికి స్టీలుది, ఎవరికి పేపరుది అని చూస్తా ఉన్నామంటే ఏమనాలి? మీ సంఘంలో అందరికీ ఒకటే రకం గ్లాసు ఉండాలి.

ఇక అసలు పని చెప్తా, ఓపిగ్గా చదువు.

మీ పోలింగ్ బూత్ ఓటర్ల జాబితా ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో దొరుకుతుంది. ప్రింటు తీసుకో. ఇద్దరిద్దరు చొప్పున, ఒక ఆడమనిషి తప్పకుండా ఉండేట్టు, ఇంటింటికీ నడవండి. పొద్దున ఏడుకు ముందో, సాయంత్రం అయిదు తర్వాతో. రోహిణి కార్తెలో మధ్యాహ్నం తలుపు కొడితే మంచి మాట వినపడదు. ఎవరికి ఓటేస్తారని అడగొద్దు. ఈ జాబితాలో మీ పేర్లు సరిగ్గా ఉన్నాయా చూడండి అని కాగితం వాళ్ళ చేతికివ్వు. కాగితం చేతికిస్తే మనిషి గుమ్మం దిగి బయటికొస్తాడు. అక్కడ మొదలవుతుంది నీ రాజకీయం.

మేం మొదటిసారి తిరిగినప్పుడు చనిపోయి ఆరేళ్ళయిన మనుషులు జాబితాలో బతికే ఉన్నారు. కోడళ్ళ పేర్లు పుట్టింటి ఊళ్ళల్లో ఉన్నాయి. ఒక అద్దె ఇంటి నంబరు మీద ఇప్పటిదాకా అందులో ఉండి వెళ్ళిన అందరి పేర్లూ ఉన్నాయి. కాలవ కట్ట మీద గుడిసెలేసుకున్న యానాదుల్లో మాత్రం ఒక్కరి పేరూ లేదు. ఇంటి నంబరు లేదు గనక ఓటు రాదని వాళ్ళకు ఎవరో చెప్పారట, నిజమే అనుకున్నారు. ఇల్లు లేనివాళ్ళకు కూడా ఓటు ఉంటుంది. వాళ్ళు అక్కడే పడుకుంటున్నారా లేదా అని బూత్ లెవల్ ఆఫీసరు రాత్రి పూట వచ్చి చూసి రాసుకోవాలి, అంతే. మేం ఆ ఆఫీసరమ్మను, పాపం అంగన్‌వాడీ టీచరు, రెండు రాత్రులు టార్చిలైటు పట్టుకొని కట్ట మీదికి తీసుకుపోయాం. ఆ గుడిసెల్లోవాళ్ళు మా సంఘంలో ఎన్నడూ చేరలేదు. కానీ ఏ మీటింగుకు ఎవరు ఎంతిస్తామని పిలిచినా ముందు నా దగ్గరికొచ్చి "పొమ్మంటావా అమ్మా" అని అడిగేవాళ్ళు.

కొత్త ఓటుకు ఫారం 6. పేరు తీసెయ్యమనడానికి ఫారం 7. అచ్చు తప్పులకూ ఇల్లు మారినదానికీ ఫారం 8. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తారీఖులు నాలుగూ లెక్కే. ఆ తేదీకి పద్దెనిమిది నిండినవాళ్ళు పెట్టుకోవచ్చు, ఏడాది ఆగక్కర్లేదు. ఇంటర్ పిలకాయలకు ఈ సంగతి చెప్పు, వాళ్ళే నీకు కాళ్ళూ చేతులూ.

ఫారం 7 దగ్గర మాత్రం జాగ్రత్తమ్మా. ఒక విధవ ముస్లిం ముసలామె కూతురు కాన్పుకని చెన్నై పోయి మూడు నెలలుంది. ఇల్లు వదిలి వెళ్ళిపోయిందని ఎవరో ఫారం పెట్టారు. ఆమె తిరిగొచ్చేసరికి ఓటు లేదు. పెట్టింది అవతలి పార్టీవాళ్ళని మేం ఊగిపోయాం, తీరా చూస్తే మనవాళ్ళే. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు నాకు. నీ దగ్గరికీ ఎవరో పెద్దమనిషి ఒక చీటీ పంపుతాడు, ఈ పేర్లు తీయించండి మనకు పడవు అని. అబద్ధపు వివరం రాసి సంతకం పెడితే ఏడాది దాకా జైలు ఉందని చెప్పి చీటీ వెనక్కి పంపు. చనిపోయినవాళ్ళ పేరైనా ఇంట్లోవాళ్ళతోనే పెట్టించు.

ఇంకొకటి, ఇళ్ళు తిరిగేటప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టుకుంటావు గదా, ఎవరికి పింఛను ఆగింది, ఎవరి కుళాయిలో నీళ్ళు రావు అని. అందులో కులం గడి గీయొద్దు, పార్టీ గడి గీయొద్దు, ఆధార్ నంబర్లు అసలే వద్దు. మా సంఘంలో ఒక కుర్రాడు, తెలివైనోడే, మా పుస్తకం పేజీలు ఫోన్లో ఫొటోలు తీసి ఒక అభ్యర్థికి పంపాడు. ఎలక్షన్ ముందు రాత్రి డబ్బు పంచేవాళ్ళు మా పుస్తకంలోని వరసలోనే ఇళ్ళకు వచ్చారు. వీధి పసిగట్టింది. ఏడాది పాటు మాకు గుమ్మం దగ్గర మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు, ఇవ్వకపోవడమే న్యాయం. పుస్తకం ఇప్పుడు నా షాపు గల్లాపెట్టెలో తాళం వేసి ఉంటుంది.

డబ్బు మాట వచ్చింది గనక అదీ చెప్తా. నెలకు మనిషికి ఇరవై రూపాయలు. ఉన్నవాడు రెండు వేలు ఇస్తానన్నా ఇరవయ్యే తీసుకో. జమాఖర్చు కాగితం నెలనెలా గోడకు అంటించు, "టీ 140, జిరాక్సు 36" అని. మాకు ఒక నాయకుడు, పేరెందుకులే, "అమ్మా ఆ టీ ఖర్చు నేను చూసుకుంటా" అన్నాడు. ఎంత మర్యాదో అనుకున్నాం. మూడో నెలకల్లా మీటింగు ఎప్పుడు పెట్టాలో ఆయన మనిషి వచ్చి చెప్పడం మొదలుపెట్టాడు. ఆరో నెలకు సభకు నలభై మందిని పంపండి, తలకింత, బిర్యానీ పొట్లం అన్నాడు. టీ మేమే కొనుక్కుంటామని చెప్పడానికి మాకు ఇంకో నాలుగు నెలలు పట్టింది. పార్టీలో ఉండటం తప్పు కాదు చిన్నీ. నీకు నచ్చిన పార్టీకి పని చెయ్యి, జెండా మొయ్యి. సంఘాన్ని మాత్రం జనాన్ని తోలే లారీగా మార్చనివ్వకు.

బారాషహీద్ దర్గా రొట్టెల పండక్కి నువ్వు చిన్నప్పుడు వచ్చావు, గుర్తుందా? స్వర్ణాల చెరువులో నిలబడి చదువు రొట్టె పట్టుకున్నావు. కోరిక తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి, అదే రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. మా సంఘంలో ఒకాయన ఏటా టికెట్టు రొట్టె పట్టుకునేవాడు. ఒకసారి టికెట్టు వచ్చింది, గెలిచాడు. మరుసటేడు రొట్టె ఇవ్వడానికి చెరువుకు రాలేదు, మా రేకుల పంచకూ రాలేదు. మీ పదకొండు మందిలోనూ అట్టా ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్ళని వెళ్ళగొట్టొద్దు, ఆశ ఉన్నోడు బాగా పని చేస్తాడు. పుస్తకం, డబ్బు, తాళం మాత్రం వాళ్ళ చేతికివ్వకు.

ఒంగోల్లో నీళ్ళ సంగతి నాకు తెలుసు, కుళాయి ఏ రోజు వస్తుందో చూసుకొని పెళ్ళిళ్ళు పెట్టుకునే ఊరు. కాబట్టి మీ మొదటి పోరాటం నీళ్ళ మీదే అవుతుంది. అరుపుల కంటే ముందు కాగితం. వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు నంబరు తీసుకో, అక్కడ కాకపోతే సోమవారం కలెక్టరేటు. పది మంది పది అర్జీలు ఇస్తే అవి పది దారుల్లో పోతాయి. ఒక అర్జీ మీద నలభై సంతకాలు పెట్టించు.

అక్కడా కదలకపోతే సమాచార హక్కు. మా వీధి మురిక్కాలవ కత చెప్తా విను. 2015 నవంబరు వానల్లో మా ఇళ్ళల్లో మోకాళ్ళలోతు నీళ్ళు. తర్వాత కాలవ కట్టారు, సగంలో ఆగిపోయింది. పనైపోయిందని ఒక ఆఫీసులో అన్నారు. పది రూపాయలు కట్టి అర్జీ పెట్టాం. మండల స్థాయి ఆఫీసుకైతే అయిదే, పంచాయతీ స్థాయిలో అదీ లేదు. "కాలవ ఎందుకు పూర్తి కాలేదు" అని అడగొద్దు, ఎందుకు అన్నదానికి ఎవరూ జవాబివ్వరు. కాగితం అడగాలి. ఎస్టిమేటు కాపీ, వర్క్ ఆర్డరు కాపీ, ఎం బుక్కులో, అంటే ఇంజినీర్లు కొలతలు రాసే పుస్తకంలో, ఆ పని పేజీలు. ముప్పై రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వలేదు. పై అధికారికి మొదటి అప్పీలు పెట్టాం, దానికి ఫీజు లేదు. కాగితాలొచ్చాయి. ఎం బుక్కులో 210 మీటర్లు. నా కుట్టు టేపు పట్టుకొని ముగ్గురం ఆడవాళ్ళం పొద్దున్నే కాలవ వెంట వంగి వంగి కొలిస్తే 160కి ఒక్క మీటరు ఎక్కువ లేదు. ఆ టేపు ఫొటో, ఎం బుక్కు పేజీ పక్కపక్కన పెట్టి సోమవారం ఇచ్చాం. ఎనిమిది నెలలకు మిగతా యాభై మీటర్లు కట్టారు. ఎవరి మీదా చర్య లేదు. ఆ కాంట్రాక్టరే వచ్చి కట్టాడు, మా వంక చూడకుండా. పూర్తి న్యాయం జరిగిందని నేను చెప్పను గానీ, ఆ తర్వాత వాన నీళ్ళు ఇంట్లోకి రాలేదు.

ఒక్క తలకాయ మీద సంఘం నడపొద్దు. ఇది నీకే చెప్తున్నా, ఎందుకంటే అన్నీ నువ్వే చేసే రకం. మీకు దగ్గర్లోనే చీరాల పేరాల ఉంది గదా. మునిసిపాలిటీ పెట్టి పన్నులు పెంచారని 1921లో జనం ఊరొదిలి పొలాల్లో గుడిసెలు వేసుకొని, రామనగరమని పేరు పెట్టుకొని పదకొండు నెలలున్నారు. వాళ్ళని నడిపించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వాలంటీర్ల దళం, రామదండు, కాపలా. ఎంత గొప్ప సంగతి! ఆయన్ని జైల్లో వేశాక, డబ్బూ చాలక, మళ్ళీ ఊళ్ళోకి రావాల్సి వచ్చింది. నువ్వు నెల రోజులు జ్వరంతో పడుకుంటే మంగళవారం మీటింగు జరుగుతుందా? జరగదంటే నువ్వింకా సంఘం పెట్టలేదు. ఏడాదికోసారి కార్యదర్శిని మార్చండి. తీర్మానాలు రాసే పని ఎట్టాగూ ఆడపిల్లకే అంటగడతారు. రాయి, కానీ నువ్వు మాట్లాడాల్సినప్పుడు పుస్తకం పక్కనున్న మగాడి ఒళ్ళో పెట్టి మాట్లాడు.

పోలింగు రోజు గురించి ఇప్పుడే ఎక్కువ చెప్పను, అప్పటికి నేనే వస్తా. అసెంబ్లీ ఎన్నికలకైతే ఏజెంట్లు పోలింగుకు గంటన్నర ముందే బూతులో ఉండాలి, మాక్ పోల్లో, అంటే మిషను పరీక్షకు వేసే ఉత్తుత్తి ఓటింగులో, కనీసం 50 ఓట్లు వేసి చూపించి మిషను క్లియర్ చేసేదాకా కన్ను ఆర్పకూడదు. సాయంత్రం పోలైన ఓట్ల లెక్క రాసిన ఫారం 17సీ కాపీ చేతికి రాకుండా లేవకూడదు. 2021లో మున్సిపల్ ఎన్నికలు బ్యాలెట్ కాగితాల మీద జరిగాయి, అక్కడ పద్ధతి వేరు. ఏ ఎన్నికైనా టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా ఎవరిది వాళ్ళు తీసుకుపోవాలి. బయటి నుంచి వచ్చే పులిహోర పొట్లంతో పాటు కబుర్లూ వస్తాయి.

డబ్బు తీసుకున్న ఓటర్లను తిట్టొద్దు. మేడల్లో ఉండేవాళ్ళు పూరిళ్ళవాళ్ళకు ఓటు విలువ మీద పాఠాలు చెప్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. లోపల నొక్కేది ఎవరికీ కనపడదు అని మాత్రం చెప్పు. పదిసార్లు చెప్పు, చాలామందికి ఆ అనుమానం నిజంగానే ఉంది.

వాట్సాప్ గ్రూపులో మీటింగు టయం, అర్జీ నంబర్లు తప్ప ఇంకేం పెట్టనివ్వకు. గుడ్ మార్నింగ్ గులాబీలతో మొదలై దేవుళ్ళ మీద తిట్లతో ముగిసిన గ్రూపులు మూడు చూశా.

మీ అమ్మ సంగతి నాకొదులు. 1992లో మా అమ్మ కూడా నన్ను గదిలో పెట్టి గొళ్ళెం వేసింది. ఆ గొళ్ళెం రాత్రి తీసింది ఎవరో మీ అమ్మనే అడుగు, అప్పటికి పదమూడేళ్ళు దానికి.

వచ్చే నెల రెండో మంగళవారం ఒంగోలు వస్తున్నా. పినాకిని రైల్లో వచ్చి సాయంత్రానికి మీ ఇంట్లో ఉంటా. జాబితా ప్రింటు రెండు కాపీలు తీసి ఉంచు, అక్షరాలు పెద్దవిగా, నా కళ్ళజోడు పవరు మారింది. టేపు నేనే తెస్తా.

మీ పెద్దమ్మ,
నెల్లూరు